పాటల పెట్టె తాళంచెవి ఎవరి చేతిలో?

— బి.యస్సి. తుది సంవత్సరం విద్యార్థి

విజ్ఞానశాస్త్రం ప్రతి తరానికీ ఒక కొత్త పనిముట్టును చేతికందిస్తుంది. మా జేజినాయన తరానికి ఆయిలింజను వచ్చింది. మా నాయన తరానికి బోరుబావి మోటారు వచ్చింది. మా తరానికి కృత్రిమ మేధ వచ్చింది. పనిముట్టు వచ్చినప్పుడల్లా రెండు రకాల కేకలు వినబడతాయి. "ఇంక మన బతుకులు మారిపోయినట్లే" అని కొందరు. "ఇంక మన బతుకులు పోయినట్లే" అని మరికొందరు. ఆయిలింజను వచ్చిననాడూ ఇవే కేకలు వినబడినాయని పెద్దలు చెబుతారు. చివరికి జరిగిందేమిటి? కపిలి పోయింది, ఇంజను నీళ్లు తోడింది. బావి ఎండింది, బోరు వచ్చింది. ఆ బోరూ ఎండిన ఇండ్లు మా పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. నీళ్ల లెక్క అందరూ వేశారు. ప్రభుత్వం వేసింది, బ్యాంకు వేసింది, అప్పులిచ్చినవాడూ వేశాడు. కపిలితో పాటు కపిలి పాట కూడా పోయిందని మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. ఆ లెక్క గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాల వరండాల్లో ఈ ఏడాది అన్నిటికంటె ఎక్కువగా వినబడిన మాట ఏది? ఏఐ. రికార్డు రాసినా అదే, సెమినారుకు తయారైనా అదే. దానివల్ల ఉద్యోగాలు వస్తాయా పోతాయా అని హాస్టల్లో తెల్లవార్లూ వాదనలు జరిగాయి. ఆ వాదన అవసరమే. అయితే దానిలో పడి ఇంకొక ప్రశ్న అడగడం మరచిపోయామేమోనని నా అనుమానం. ఈ యంత్రాన్ని మన ఇంటికి తీసుకుపోయి, మన అవ్వ ముందర, అమ్మ ముందర పెడితే ఏమవుతుంది? వాళ్లకు అది ఏం చేసిపెట్టగలదు? దానికి వాళ్లు ఏం నేర్పగలరు?

కట్టడానికి ఒక పూట, నింపడానికి ఒక వేసవి

ఈ రోజున ఒక చిన్న యాప్ తయారు చేయడానికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. నాకు కావలసింది ఇదీ అని మామూలు మాటల్లో, తెలుగులోనే చెబితే ప్రోగ్రామును యంత్రమే రాసి ఇస్తుంది. తప్పు వస్తే ఆ తప్పును చూపించి అడిగితే దిద్ది ఇస్తుంది. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లోవాళ్లు పాడే పాటలను దాచుకోవడానికి నేను ఇటువంటి యాప్ ఒకటి చేశాను. చేతిఫోనులో తెరిస్తే నాలుగైదు బొమ్మలుంటాయి. బొమ్మను నొక్కితే పాట వస్తుంది. అంతకంటె గొప్పతనం దానిలో ఏమీ లేదు.

భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇందులోని లెక్క సరదాగా ఉంటుంది. మనిషి చెవికి వినబడే అతిపెద్ద పౌనఃపున్యం దాదాపు 20,000 హెర్ట్జులు. దానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు సెకనుకు కొలతలు తీస్తే ఆ ధ్వనిని మళ్లీ పుట్టించవచ్చు. అందుకే కాంపాక్టు డిస్కులో సెకనుకు 44,100 కొలతలు పెట్టారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు అనుకుంటే, ఒకే చానలులో నిమిషం పాటకు 5 మెగాబైట్ల పైచిలుకు పడుతుంది. దాన్ని కుదించి సెకనుకు 64 కిలోబిట్లకు తెచ్చినా మనిషి గొంతు చక్కగానే వినబడుతుంది. అప్పుడు మూడు నిమిషాల పాట ఒకటిన్నర మెగాబైటు లోపలే ఇముడుతుంది. అంటే వంద పాటలు 150 మెగాబైట్లు కూడా కావు. మనం సెలవు రోజున దించుకునే ఒక్క సినిమా ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది! ఒక పల్లె గొంతంతా ఒక పాత ఫోనులో పట్టి, ఇంకా జాగా మిగులుతుంది. సిగ్నలు లేని చేనిలో కూడా పాడుతుంది.

కనుక స్థలం లేక పాటలు పోవడం లేదు, డబ్బు లేక పోవడం లేదు, యంత్రం లేక అసలే పోవడం లేదు. మరి ఎందుకు పోతున్నాయి? అడిగేవాడు లేక పోతున్నాయి. ప్రోగ్రాము తెరమీదికి రావడానికి నాకు ఒక పూట పట్టింది. దానిలో ఏ పాట ఉండాల, ఏది ఉండకూడదు, ఏది ఎక్కడ ఉండాల అన్నది తేలడానికి వేసవి సెలవులన్నీ పట్టాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు కాలాల తేడాలోనే ఉంది.

యంత్రం పెట్టిన వరుస, ఇల్లు పెట్టిన వరుస

పాటలను ఏ విధంగా విభజించాలని యంత్రాన్ని అడిగితే అది ఠక్కున చెప్పింది: ఆనందం, విషాదం, ప్రేమ, భక్తి, విశ్రాంతి. పట్నంలో పాటల యాప్‌లన్నీ ఇట్లాగే ఉంటాయి. మనసు ఎట్లుందో చెప్పు, దానికి తగిన పాట వినిపిస్తాను అంటాయి. చూడడానికి బాగానే ఉంది. ఈ పేర్లు మా జేజికి చదివి వినిపిస్తే ఆమె అడిగినది ఒకే ప్రశ్న: "అది సరే నాయనా, ఏ పని చేసేటప్పుడు పాడాలో అది అడగదా?"

ఆలోచించి చూడండి. పాట మనసు కోసమని మనం అనుకుంటాం. ఆమెకు పాట పని కోసం. మా అనంత కరువుసీమలో సాలుకు పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. అది కూడా పడవలసిన నెలలో పడుతుందన్న నమ్మకం లేదు. ఆ వాన మీద బుడ్డలు, అంటే వేరుశనగ, వేసుకుని బతికే ఇండ్లు మావి. వానకు ముందు ఇత్తనం కాయలు వలవాలి. దినమంతా కూర్చుని వలిస్తే బొటనవేళ్లు పగులుతాయి. ఆ నొప్పి తెలియకుండా ఉండడానికి పాట కావాల. పదిమంది వరుసగా వంగి కలుపు తీస్తుంటే, ఒకరు ముందుకుపోయి ఇంకొకరు ఎనకబడకుండా ఉండడానికి పాట కావాల. రాగులు విసిరేటప్పుడు రాయి ఆగకుండా తిరగడానికి పాట కావాల. ఈ పాటలో ఏడుపూ ఉంటుంది, నవ్వూ ఉంటుంది, అత్తను తిట్టడమూ ఉంటుంది, దేవుణ్ణి మొక్కడమూ ఉంటుంది. దీన్ని ఆనందం కింద పెట్టాలా, విషాదం కింద పెట్టాలా?

చివరికి మా ఇల్లు పెట్టిన వరుస ఇది: కాయలు వలిచే పాటలు, కలుపు పాటలు, ఇసుర్రాయి పాటలు, తొట్టెల పాటలు, పెండ్లి పాటలు, గొబ్బి పాటలు, భజన పాటలు, పీర్ల పండగ పాటలు. 'విత్తే పాటలు' అని యంత్రం ఒకటి చేర్చింది. మా నాయన దాన్ని తీసేయమన్నాడు. "గొర్రు ఎనకాల పాటలేందిరా? జడ్డిగంలో చెయ్యి ఉన్నప్పుడు ఇత్తనం మీదే ద్యాస ఉండాల" అన్నాడు. పీర్ల పండగ అనే విభాగం యంత్రానికి తట్టనేలేదు. గూగూడు కుళ్లాయస్వామి దగ్గర హిందువులూ ముస్లిములూ కలిసి మొక్కే సంగతి మా జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుండం చుట్టూ అడుగువేస్తూ పాడే పాటను 'భక్తి' అనే గంపలో పడేస్తే అది ఎవరి భక్తి అని యంత్రం అడుగుతుంది. మా ఊళ్లో ఎవరూ అడగరు.

ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి నేర్పారు. జేజికి చదువు రాదు. కాబట్టి అక్షరాలు తీసి బొమ్మలు పెట్టవలసి వచ్చింది: చాట, దోకుడుపార, ఇసుర్రాయి, తొట్టెల. నాయన వేళ్లు మోటుబారి ఉన్నాయి, మట్టిచేత్తో తాకితే తెర పలకదు. కాబట్టి బొమ్మలు అరచేయంత పెద్దవి కావలసి వచ్చింది. "పని మధ్యలో ఫోను ముట్టను, ఒకసారి నొక్కితే పని అయ్యేదాకా పాడాల" అని అమ్మ షరతు. తెరకు యంత్రం ఇచ్చిన రంగు పచ్చటి ఆకుపచ్చ. రైతు అంటే పచ్చదనమని దానికెవరో చెప్పి ఉంటారు! మా చెల్లెలు అది చూసి నవ్వి, మా చేని మట్టిని ఫొటో తీసి ఆ ఎరుపునే పెట్టమన్నది. బెంగళూరులో పనిచేసే మా చిన్నాయన ఫోనులో కైవారం నారాయణప్ప తత్వం ఒకటి పాడి పంపించాడు. కన్నడనాట చింతామణి తాలూకాలో ఉన్న కైవారం యోగి తెలుగులోనూ కన్నడంలోనూ రాశాడు. హద్దు ఈవల మా పల్లెల్లో ఆ తత్వాలు మావే అనుకుని పాడతారు. చిన్నాయన పిల్లలకు తెలుగు అంతంత మాత్రం. ఆయనకు ఈ పెట్టె ఎందుకు కావాలో వేరే చెప్పవలసిన పని లేదు.

అమ్మ పెట్టిన షరతు గురించి ఇంకొక్క మాట. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గారు గ్రామఫోను రికార్డుకు పాడిననాటి నుండి మన దేశంలో పాటకు మూడు నిమిషాల గడువు వచ్చింది. రికార్డు పళ్లెంలో అంతకంటె ఎక్కువ పట్టదు మరి! పళ్లేలు పోయినా ఆ అలవాటు పోలేదు. సినిమా పాట ఇంచుమించు అదే కొలతలో ఉంది. పని పాటకు ఆ కొలత లేదు. పని అయినప్పుడే పాట అయిపోతుంది. కపిలి తోలేటప్పుడు ఎన్ని బానలు తోడామన్నది పాటలోనే లెక్క కట్టుకునేవారట. మా జేజినాయన పాడిన కపిలి పాటలో మా నాయనకు రెండు చరణాలే గుర్తున్నాయి. "ఇది మూడు నిమిషాల్లో అయిపోతే మడి ఎట్ల తడుస్తుందిరా?" అని ఆయన నవ్వుతాడు. అందుకని ఆపేదాకా పాట మళ్లీ మళ్లీ తిరిగేటట్లు యంత్రం చేత రాయించాను. అడిగితే క్షణంలో రాసింది. అడగాలన్న బుద్ధి మాత్రం అమ్మది.

గోదారిగట్టు మీది బుడ్డల పాట

యంత్రాన్ని పొగడవలసినంత పొగిడాను. ఇక దాని ఇంకొక ముఖం.

కాయలు వలిచే జానపద గీతం ఒకటి చెప్పమని దాన్ని అడిగి చూశాను. తడుముకోకుండా చెప్పింది. దానిలో వరిచేలు ఉన్నాయి, కొబ్బరితోట ఉంది, గోదారిగట్టు ఉంది. కాయలు మాత్రం లేవు. పైగా ఇది రాయలసీమలో తరతరాలుగా పాడుతున్న పాట అని ధీమాగా ఒక మాట! మా జేజి పాటను వినిపించి రాసిపెట్టమంటే ఇంకొక విచిత్రం. ఆమె 'సేను' అంటే అది 'చేను' అని రాసింది. ఆమె 'యాడికి' అంటే 'ఎక్కడికి' అని దిద్దింది. 'బుడ్డలు' అన్నచోట అర్థంకాక ఇంకేదో మాట పెట్టింది. ఆమె పాడినది ఒకటి, కాగితం మీదికి వచ్చినది ఇంకొకటి.

దీనిలో కుట్ర ఏమీ లేదు, ఉన్నదంతా గణితమే. యంత్రం తాను చదివిన రాతల్లో దేని తరువాత ఏది ఎక్కువగా వస్తుందో చూసి మాట అల్లుతుంది. తెలుగులో అచ్చయిన రాత తక్కువ. ఆ తక్కువలో మా సీమ పలుకు మరీ తక్కువ. పుస్తకాల్లో, పత్రికల్లో, సినిమాల్లో ఏ తెలుగు ఎక్కువగా ఉందో అదే దానికి తెలుగు. అయితే గణితం వల్ల జరిగినా కుట్ర వల్ల జరిగినా ఫలితం ఒకటే కదా? రేపు మా చెల్లెలి పిల్లలు కాయలు వలిచే పాట ఏదని యంత్రాన్ని అడిగితే గోదారిగట్టు పాట వస్తుంది. అది తప్పని చెప్పడానికి జేజి ఉండదు. పాట పోవడం ఒక నష్టం. పోయిన చోట ఇంకొక పాట వచ్చి 'నేనే అది' అని కూర్చోవడం అంతకంటె పెద్ద నష్టం. ఖాళీగా ఉంటే కనీసం ఖాళీ అని తెలుస్తుంది.

దీనికి మందు లేకపోలేదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ 2023లో ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను వేల సంఖ్యలో కూడగట్టి, పాత తెలుగు కథల పుటలను కంప్యూటరుకెక్కించే పని చేయించింది. తెలుగు కథలు చెప్పే యంత్రానికి అవే మేత. మనలాంటి విద్యార్థులు చేసిన పనే అది! అచ్చయిన కథలకు అది జరిగింది. అచ్చుకాని పాటలకు ఎవరు చేస్తారు? అచ్చుపుస్తకం గ్రంథాలయంలో ఇంకొక యాభై ఏళ్లు ఓపిక పడుతుంది. డెబ్బై ఏండ్ల గొంతు ఓపిక పట్టదు.

రాగం పేరు మిగిలింది, వరుస మిగలలేదు

మాట మిగిలితే చాలదా, గొంతే ఎందుకు అని ఒక అధ్యాపకులు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబు మన జిల్లా పెద్దమనిషి జీవితంలోనే ఉంది.

తాళ్లపాక అన్నమయ్య 1408 నుండి 1503 వరకు జీవించినవాడు. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోని భాండారంలో భద్రపరిచారు. రాగి కంటె గట్టి ఏర్పాటు ఆనాడు ఇంకేముంటుంది? వందల ఏండ్ల తరువాత ఆ రేకులు వెలుగులోకి వచ్చాయి. చూస్తే సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. ఎట్లా పాడారో తెలిపే స్వరం లేదు! ఆ పాటలకు మళ్లీ గొంతు ఇవ్వడానికి పూనుకున్నవారిలో ముందువరుసలో ఉన్నది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టినవారు. సంస్కృతాంధ్రాలూ సంగీతమూ రెండూ తెలిసిన పండితుడు కాబట్టి ఆ సంకీర్తనలను పరిష్కరించి, ఎన్నిటికో స్వరం కట్టగలిగారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన కట్టిన వరుసలు మధురంగా ఉన్నాయి, సందేహం లేదు. అయినా అన్నమయ్య పాడిన వరుస ఏదన్న ప్రశ్నకు ఈ రోజుకూ జవాబు లేదు.

జానపదుల పాటలదీ అదే కథ. బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి దారి వేశారు. మా సీమలో కలిమిశెట్టి మునెయ్య గారు 'రాయలసీమ రాగాలు' సేకరించారు. వారి శ్రమకు మనం చేతులెత్తి మొక్కాలి. వారు ఊరూరా తిరిగి వినిన పాట పుస్తకంలోకి వచ్చేసరికి మాటగా మిగిలింది. రాయి తిరిగేటప్పుడు గొంతు ఎక్కడ సాగుతుందో, కలుపు తీసేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఏ లిపిలో రాస్తాం? వారి చేతిలో లేని పనిముట్టు ఇప్పుడు మనలో ప్రతి ఒక్కరి జేబులోనూ ఉంది. దానితో మనం ఏం చేస్తున్నామో మనకే తెలుసు!

పుట్టపర్తిలో చదివేవాళ్లకు ఇది ఇంకా సులభంగా అర్థం కావాలి. గొంతును దాచుకోవడం అంటే ఏమిటో ఈ ఊరికి తెలిసినంతగా చాలా ఊళ్లకు తెలియదు. ఇక్కడ భజన వినిపించని ప్రొద్దు లేదు. సత్యసాయిబాబా వారి ప్రసంగాలు, ప్రశాంతి నిలయంలోని భజనలు ఏండ్ల తరబడి టేపులకెక్కాయి. 2001లో రేడియో సాయి ఉపగ్రహం ద్వారా మొదలై, తరువాత ఇంటర్నెట్టులో భజనలకు ఒక ప్రసారం, ప్రసంగాలకు ఒక ప్రసారం అని వేరువేరుగా నడిచింది. 2011లో బాబా వారు నిర్యాణం చెందిన తరువాత కూడా ఆ గొంతు కావలసినవాడు దూరదేశంలో ఉన్నా వినగలుగుతున్నాడు. ఇది శ్రద్ధ వల్ల జరిగింది. అదే చిత్రావతి ఒడ్డున, నాలుగు మైళ్ల దూరంలో పల్లెల్లో చెక్కభజన చేసే ముసలివాళ్లు ఉన్నారు. వాళ్ల గొంతుకు అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. దానిలో వెయ్యో వంతు శ్రద్ధ చాలు. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కార్యాలయం వచ్చింది, బోర్డులు వచ్చాయి. ఈ జిల్లాకు తన పాటల పెట్టె కూడా ఒకటి ఉండవద్దా?

పాట ఎవరిది?

ఇక అసలు చిక్కు. మా ఇంట్లో నాలుగు రోజులు వాదన జరిగింది కూడా దీనిమీదే. "అన్నీ ఇంటర్నెట్టులో పెట్టు, చూసేవాళ్లు ఎక్కువైతే డబ్బులొస్తాయి" అని చిన్నాయన. "పెండ్లిలో ఆడోళ్లం మేం మేం పాడుకున్నేది ఊరందరికీ ఎందుకురా?" అని అమ్మ. చావింట్లో పెట్టే శోకం మా జేజికి బాగా వచ్చు. అది మాత్రం ఆమె పాడనంది. "ఉత్తపున్యానికి పాడే పాట కాదది. మనిషి పోతేనే పాడాల" అన్నది. ఆ పాట మా పెట్టెలో లేదు. ఉండకూడదు కూడా. సేకరణ అనే మాటకు హద్దు ఉందని ఏ యంత్రమూ నాకు చెప్పలేదు, ఆమె చెప్పింది.

ఇది మా ఒక్క ఇంటి తగాదా కాదు. 2024 జూన్‌లో అమెరికాలో పెద్ద పెద్ద రికార్డు కంపెనీలు సూనో, ఉడియో అనే రెండు సంస్థల మీద దావా వేశాయి. మాటల్లో అడిగితే పాట కట్టి ఇచ్చే యంత్రాలు ఆ సంస్థలవి. మా పాటలను అనుమతి లేకుండా మీ యంత్రాలకు మేపారన్నది ఫిర్యాదు. 2025 చివరిలో వాటిలో కొన్ని కంపెనీలు రాజీకి వచ్చాయి కూడా. కంపెనీకి వకీలు ఉన్నాడు, దావా ఉంది, రాజీ ఉంది. కలుపు పాటకు వకీలెవరు? మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ పాడినవారికీ ఒక హక్కు కల్పించింది. ఆ సంగతి పాడే మా అమ్మలకు ఎవరు చెప్పారు? చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, చెప్పేవాడు ఉండాలి.

ఇంకొకటి కూడా ఆలోచించాలి. బుర్రకథ చెప్పేవారు, జంగమదేవరలు, ఇల్లిల్లూ తిరిగి పాడి గింజలు అడుక్కునేవారు ఉన్నారు. మా జేజికి పాట పనికి తోడు, వాళ్లకు పాటే పని. వాళ్ల పాటను పట్టి ఉచితంగా పంచితే ధర్మం చేసినట్లా, వాళ్ల గింజలు ఎత్తుకుపోయినట్లా? రికార్డు చేసినవాడు కూలి ఇవ్వాలి. అది దానం కాదు. చేనిలో పనిచేసినవాడికి సాయంత్రం కూలి ఇవ్వని రైతును ఊరు ఏమంటుందో మనకు తెలుసు.

పాటలు కూడు పెడతాయా?

నా ఈ వాదన విని కొందరు మిత్రులు ఎగతాళి చేశారు. "వాన లేదు, పంట లేదు, పిల్లలు బెంగళూరుకు వలసపోతున్నారు. నీకు పాటలు కావలసివచ్చాయా?" అన్నారు. ఈ మాటలో న్యాయముంది, నేను కాదనను. పాట అప్పు తీర్చదు. యాప్‌తో బోరులో నీళ్లు పడవు. కృత్రిమ మేధ వచ్చింది కాబట్టి కరువు పోతుందని చెప్పేవాడిని నేను నమ్మను.

అయితే ఒక్క సంగతి. కరువు మొదట ఏం తీసుకుపోతుంది? పశువులను తీసుకుపోతుంది. తరువాత మనుషులను పట్నానికి తీసుకుపోతుంది. పదిమంది కూడి చేసే పని పోతుంది. ఆ పనితో పాటు పాటా పోతుంది. కాయలు వలిచే మిషను వచ్చింది, మంచిదే. మా అమ్మ వేళ్లు పగలకుండా ఉంటే నాకంటె సంతోషించేవాడెవడు? వేళ్లు పగలాలి, పాట బతకాలి అని నేను అనను. పాట కోసం పాత కష్టాన్ని పట్టుకుని వేలాడమనడం చదువుకున్నవాడి మాట కాదు. మిషను మిషనుగా రావాలి. కష్టం పోయేటప్పుడు ఆ కష్టంలోంచి పుట్టిన మంచి దాన్ని కూడా దానితో పాటు పారేయకుండా చూసుకోవడం మన పని. ఎండిన చెరువులో మట్టి తోలుకుని చేనికి వేసుకునే రైతుకు ఇది కొత్తగా నేర్పవలసిన విషయం కాదు.

మనం చేయగలిగింది

కళాశాల ముందు నేను మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. పెద్దలు మన్నించి ఆలోచించాలి.

మొదటిది. ఏటా తుది సంవత్సరం విద్యార్థులం ప్రాజెక్టుల పేరిట పాత ప్రాజెక్టులనే కొత్త అట్టలో పెట్టి ఇస్తున్నాం. దానికి బదులు, ఇష్టమున్నవారు తమ ఇంటి పాటల పెట్టె తయారు చేయడాన్ని ప్రాజెక్టుగా ఒప్పుకోవాలి. ధ్వని కొలత భౌతికశాస్త్రానిది, ప్రోగ్రాము కంప్యూటరు శాఖది, మాటల అర్థం తెలుగు శాఖది. మూడు శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చునే అవకాశం మన కళాశాలలో ఇంతకంటె ఇంకేముంది?

రెండవది. యంత్రం రాసిన పాఠాన్ని యంత్రం రాసినట్లుగానే ఉంచి సరేననుకోకూడదు. పాడినవారి ముందర చదివి వినిపించి దిద్దాలి. 'సేను' అని పాడితే 'సేను' అనే ఉండాలి. వ్యాకరణం మనం పరీక్షలో చూపించుకుందాం, అవ్వ పాటలో కాదు.

మూడవది. ఏ పాట ఇంట్లోనే ఉండాలి, ఏది కళాశాలలో పెట్టవచ్చు, ఏది లోకానికి ఇవ్వవచ్చు, ఏది యంత్రానికి మేత కావచ్చు అన్న నాలుగు ప్రశ్నలూ పాడినవారినే అడగాలి. వారి జవాబును వారి గొంతులోనే రికార్డు చేసి పాట పక్కన పెట్టాలి. వద్దంటే వద్దు. మళ్లీ అడిగి విసిగించకూడదు. సంతకం రానివారికి ఇంతకంటె మంచి పత్రం లేదు.

మిత్రులారా! ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి పరీక్షలు ముగిసి సెలవులకు ఇంటికి బయలుదేరుతుంటారు. మీ ఫోనులో రికార్డు చేసే బొత్తాము ఉంది, యాప్ రాసి ఇచ్చే యంత్రం ఉంది. ఇంట్లో అవ్వ ఉంటే ఆమె పక్కన కూర్చుని, "జేజీ, నువ్వు కలుపు తీసేటప్పుడు ఏం పాడేదానివి?" అని అడగండి. తొలిరోజు "నాకేం గుర్తులేదు పో" అంటుంది. రెండవరోజు ఒక పాదం వస్తుంది. మూడవరోజు పక్కింటి అవ్వను పిలిపించి మిగతాది ఆమెనే అడుగుతుంది. అంతవరకు కూర్చునే ఓపిక మనకుందా లేదా అన్నదే ప్రశ్న. మిగతాదంతా యంత్రం చేసిపెడుతుంది.